జర్మనీలో కంపెనీ: మూలధనం ఎప్పుడు పంపాలి?

ప్రశ్న: అయ్యా, నేనూ నా మిత్రుడూ బెంగళూరు మారతహళ్ళిలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాం. కర్మాగారాల్లోని యంత్రాలకు ఎప్పుడు మరమ్మతు అవసరమవుతుందో ముందుగా సూచించే ప్రోగ్రాం మాది. స్టుట్‌గార్ట్ దగ్గరి ఒక కర్మాగారం వారు మా పని చూసి మెచ్చుకున్నారు కానీ, జర్మనీలో నమోదైన కంపెనీతోనే ఒప్పందం చేసుకుంటామని వారి కొనుగోలు విభాగం పట్టుబడుతోంది. ఇక్కడ మా ప్రైవేట్ లిమిటెడ్‌ను ఇంట్లో కూర్చునే వారం పది రోజుల్లో రిజిస్టర్ చేయించుకున్నాం. అక్కడ నెలలు పడుతుందని కొందరు, ఒక్క యూరోతో అయిపోతుందని మరికొందరు చెబుతున్నారు. మూలధనానికి డబ్బు సిద్ధంగా ఉంది. ముందే పంపేస్తే పని త్వరగా అవుతుందా? మేము బెంగళూరులోనే ఉండి ఇదంతా చేయగలమా?
— ఇద్దరు భాగస్వాములు, మారతహళ్ళి

జవాబు: డబ్బు మాత్రం ఇప్పుడే పంపకండి. మీరు అడిగిన వాటిలో దీనికే ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే ఈ పనిలో తిరిగి సరిదిద్దుకోవడానికి అన్నిటికన్నా కష్టమైన పొరపాటు అదే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంకా పుట్టని కంపెనీకి మీరు మూలధనం పంపితే, దానిని వాటా సొమ్ముగా లెక్కలోకి తీసుకోవడానికి జర్మన్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. రేపు ఆ కంపెనీ దివాలా తీసే పరిస్థితి వస్తే, మీ వాటా సొమ్ము అసలు చెల్లించనే లేదని, మళ్ళీ కట్టమని అడిగే వీలుంటుంది. ఇటు మన దేశంలో, 2022 ఆగస్టులో వచ్చిన విదేశీ పెట్టుబడుల నిబంధనల ప్రకారం, మీ బ్యాంకు ముందుగా విదేశీ పెట్టుబడి వివరాలుండే ఫారం ఎఫ్‌సీ తీసుకుని, రిజర్వు బ్యాంకు నుంచి మీ పెట్టుబడికి ఒక విశిష్ట గుర్తింపు సంఖ్య తెప్పించిన తరువాతే డబ్బు బయటికి వెళ్ళాలి. స్నేహితుడి ఖాతాకో కన్సల్టెంటు ఖాతాకో తొందరపడి పంపిన సొమ్ము ఈ రెండు చట్టాలకూ ఒకేసారి అడ్డం తిరుగుతుంది.

జర్మన్ కార్యాలయాల జాప్యం గురించి చెప్పుకునే కథల్లో కొంత అతిశయోక్తి ఉందని నా అభిప్రాయం. అక్కడ ఏ ఒక్క కార్యాలయమూ నెలల తరబడి నిద్రపోదు. కాకపోతే ప్రతి కాగితమూ దాని ముందు కాగితం కోసం ఎదురుచూస్తుంది. మన దగ్గర 2020 ఫిబ్రవరి నుంచి స్పైస్ ప్లస్ అనే ఒకే దరఖాస్తులో కంపెనీ నమోదు, పాన్, టాన్, పీఎఫ్, ఈఎస్ఐ, బ్యాంకు ఖాతా అన్నీ కలిసి వస్తున్నాయి. జర్మనీలో నోటరీ, కంపెనీలను నమోదు చేసే కోర్టు, పట్టణ వ్యాపార కార్యాలయం, పన్నుల కార్యాలయం, వాణిజ్య మండలి, ప్రమాద బీమా సంస్థ, ఇలా ప్రతి గడపా వేరుగానే ఎక్కాలి. ఆ గడపల వరుస తెలిసినవారికి రెండు మూడు నెలల్లో పని అవుతుంది, తెలియనివారు ఒకే గడప దగ్గర అంతకాలం నిలబడిపోతారు.

మొదటి గడప నోటరీ. నోటరీ అనగానే కోర్టు ఎదుట గొడుగు కింద కూర్చుని స్టాంపు పేపరు మీద ముద్ర వేసే వ్యక్తి మనకు గుర్తుకొస్తారు. జర్మన్ నోటరీ అలాంటివారు కాదు. ఆయన ప్రభుత్వం నియమించిన న్యాయనిపుణుడు. ఇరుపక్షాలకూ సమానంగా సలహా చెప్పవలసిన బాధ్యత ఆయనది. రుసుము దేశమంతటా చట్టమే నిర్ణయిస్తుంది కనుక బేరమాడే పని లేదు. కంపెనీ నియమావళిని ఆయన మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు పక్షాల ఎదుట పైకి చదివి వినిపించాలన్నది చట్టం. నేను ఒకసారి ఒక క్లయింటుతో కలిసి అలా కూర్చున్నాను. నోటరీ జర్మన్‌లో చదువుతూ పోవడం, దుబాసీ వాక్యం వాక్యం ఇంగ్లీషులోకి మార్చడం, మధ్యలో మావాడు కునికిపాట్లు పడుతుంటే నోటరీ చదవడం ఆపి కాఫీ తెప్పించడం, ఇలా రెండు గంటలు గడిచాయి. పాత పద్ధతే కానీ, ఏ షరతు మీద సంతకం పెట్టానో నాకు తెలియదని తరువాత ఎవరూ అనలేరు.

2022 ఆగస్టు నుంచి నోటరీ పనిని వీడియో ద్వారా కూడా జరిపించుకునే వీలు వచ్చింది కానీ, దానికి జర్మన్ ఎలక్ట్రానిక్ గుర్తింపు కార్డు వంటిది చేతిలో ఉండాలి. బెంగళూరులో ఉన్న మీకు అది వర్తించదు. మీకు సరైన దారి, జర్మనీలో ఒక న్యాయవాదికి పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చి ఆయన ద్వారా నోటరీ ముందు పని జరిపించడం. ఆ పవర్ ఆఫ్ అటార్నీ మీద మీ సంతకాన్ని ఎవరు ధ్రువీకరించారన్నది చాలా ముఖ్యం. మన నోటరీ ముద్ర వేయించి, దాని మీద, పత్రం విదేశాల్లో చెల్లడానికి విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ అనే ధ్రువీకరణ వేయిస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. భారతదేశం 2005లో అపోస్టిల్ ఒప్పందంలో చేరినప్పుడు అభ్యంతరం చెప్పిన దేశాల్లో జర్మనీ ఒకటి. అందువల్ల మన అపోస్టిల్ అక్కడ చెల్లదు. కనుక ఆ దారిన పోకుండా నేరుగా బెంగళూరులోని జర్మన్ కాన్సులేట్ జనరల్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోండి. అక్కడి కాన్సులర్ అధికారి ధ్రువీకరణ, జర్మన్ నోటరీ ధ్రువీకరణతో సమానంగా చెల్లుతుంది. కాగితాన్ని జర్మన్ నోటరీ చేతనే తయారు చేయించి తెప్పించుకోండి, ఇంట్లో సంతకం పెట్టకుండా పాస్‌పోర్టుతో వెళ్ళి అధికారి ఎదుటే పెట్టండి.

అదే అపాయింట్‌మెంట్‌లో రెండో కాగితం మీద కూడా సంతకం పెట్టి వస్తే మీకు ఇంకో తిరుగుడు తప్పుతుంది. అది నమోదు కోర్టుకు వెళ్ళే దరఖాస్తు. అందులో దివాలా నేరాల వంటి వాటిలో తనకు శిక్ష పడలేదని మేనేజింగ్ డైరెక్టర్ స్వయంగా హామీ ఇవ్వాలి. దానిని పవర్ ఆఫ్ అటార్నీ మీద మరొకరు ఇవ్వకూడదు. మూలధనం బ్యాంకులో పడినట్టు రుజువు చేరేవరకు ఆ దరఖాస్తును నోటరీ తన దగ్గరే ఉంచుకుంటారు.

ఒక్క యూరో సంగతి. జర్మన్ ప్రైవేట్ కంపెనీని జీఎంబీహెచ్ అంటారు, దాని చట్టం 1892 నాటిది. కనీస మూలధనం 25,000 యూరోలు. నగదు మూలధనమైతే అందులో సగం, అంటే 12,500 యూరోలు, చెల్లించాక నమోదుకు వెళ్ళవచ్చు. మిగతా సగం మాఫీ కాదని గుర్తుంచుకోండి, అది కంపెనీకి మీరు పడ్డ బాకీ. 2008 నవంబరులో దీనికి తమ్ముడి వంటి యూజీ అనే రూపం వచ్చింది. దానిని ఒక్క యూరోతో కూడా పెట్టవచ్చు, కానీ ప్రతి ఏటా లాభంలో నాలుగో వంతును పక్కన పెడుతూ మూలధనాన్ని 25,000కు పెంచుకునే ఏర్పాటు చేయాలి. మీకు నేను యూజీని సిఫారసు చేయను. నోటరీ బిల్లు వచ్చిన రోజే ఒక్క యూరో కంపెనీ అప్పుల్లో పడుతుంది. పైగా జర్మన్ కంపెనీయే కావాలన్న కొనుగోలు విభాగం వారు మీ లెటర్‌హెడ్ మీద యూజీ పేరు చివర తప్పక ఉండే పరిమిత బాధ్యత అనే తోకను చూసి మళ్ళీ మొదటికి వస్తారు.

ఇక వరుస చూడండి. నోటరీ దగ్గర నియమావళి పూర్తికాగానే మీ కంపెనీ సగం పుట్టినట్టు. పేరు చివర స్థాపనలో ఉన్నదని సూచించే రెండు అక్షరాలు చేర్చుకుని అది బ్యాంకు ఖాతా తెరవవచ్చు. నిజంగా కాలయాపన జరిగేది ఇక్కడే. యజమానులూ డైరెక్టర్లూ అందరూ విదేశంలోనే ఉంటే చాలా బ్యాంకులు ఖాతా ఇవ్వడానికి వెనుకాడతాయి, కారణం కూడా చెప్పవు. కనుక నోటరీ తేదీ ఖాయం చేసుకోకముందే బ్యాంకుతో మాట్లాడి రాతపూర్వకంగా సుముఖత తెచ్చుకోండి. ఖాతా సంఖ్య చేతికి వచ్చాక ఇక్కడి బ్యాంకులో ఫారం ఎఫ్‌సీ, ఆ తరువాత గుర్తింపు సంఖ్య, అప్పుడు డబ్బు. డబ్బు ఆ ఖాతాలో పడినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం నోటరీకి చేరగానే ఆయన కోర్టుకు ఎలక్ట్రానిక్‌గా దరఖాస్తు పంపుతారు. కోర్టు రిజిస్టరులో ఎక్కి సంఖ్య వచ్చేవరకు కంపెనీ పేరు మీద ఎవరు ఒప్పందం చేస్తే వారే సొంత ఆస్తితో బాధ్యులవుతారు కాబట్టి, స్టుట్‌గార్ట్ వారు ఎంత తొందరపెట్టినా ఆ సంఖ్య వచ్చేదాకా సంతకం పెట్టకండి.

వాటాదారుగా ఎవరు ఉండాలన్నది మీరు అడగలేదు కానీ, అది ముందే తేల్చుకోవలసిన విషయం. మీరిద్దరూ వ్యక్తులుగా ఉంటే జర్మన్ నోటరీకి రెండు పాస్‌పోర్టులు చాలు. డబ్బు రిజర్వు బ్యాంకు వారి ఉదారీకృత చెల్లింపుల పథకం (ఎల్ఆర్ఎస్) కింద వెళ్తుంది. దాని పరిమితి ఒక్కొక్కరికి ఏడాదికి 2,50,000 డాలర్లు. ఆ పథకం కింద ఆర్థిక సంవత్సరంలో 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం పన్ను ముందుగా వసూలు చేస్తుంది. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటు అయ్యేదే అయినా అప్పటికి చేతిలో సొమ్ము తగ్గుతుంది. ఆ 12,500లో ఎవరి సగం 6,250 యూరోలు వారే సొంత ఖాతా నుంచి పంపుకుంటే, ఆ ఏడాది విదేశీ ప్రయాణాల వంటి వాటికి పెద్దగా ఖర్చు చేసి ఉండకపోతే, ఇద్దరూ ఆ పరిమితి లోపలే ఉంటారు. ఒకరే మొత్తం పంపి తరువాత లెక్క చూసుకుందామనుకోవద్దు. వ్యక్తులుగా పెట్టినప్పుడు ఆ జర్మన్ కంపెనీ మీ అదుపులో ఉంటే దాని కింద మరో కంపెనీ పెట్టడం కుదరదన్న షరతు కూడా ఉంది.

అలా కాక మీ ప్రైవేట్ లిమిటెడ్‌నే వాటాదారుగా పెడితే ఆ 20 శాతం వసూలు ఉండదు, పరిమితి కంపెనీ నికర విలువకు నాలుగు రెట్లు. కానీ మీ కంపెనీ నిజంగా ఉన్నదని, మీకు దాని తరఫున సంతకం చేసే అధికారం ఉన్నదని జర్మన్ నోటరీకి రుజువు చేయడానికి నమోదు పత్రం, బోర్డు తీర్మానం, వాటి అనువాదాలు, ధ్రువీకరణలు అని మరో కట్ట తయారవుతుంది. అయినా నేను ఈ రెండో దారికే మొగ్గుతాను. ప్రోగ్రాం మీద హక్కు మీ ప్రైవేట్ లిమిటెడ్‌ది, దాన్ని రాసే ఇంజనీర్లు మారతహళ్ళిలో ఉన్నారు. రేపు ఎవరైనా పెట్టుబడి పెడతామని వస్తే రెండు కంపెనీల్లో విడివిడిగా వాటాలున్న యజమానులతో మాట్లాడడం కన్నా ఒకే మాతృసంస్థతో మాట్లాడడం వారికి తేలిక. జర్మన్ కంపెనీ లాభం పంచినప్పుడు అక్కడ కోసే పన్ను 1995 నాటి ద్వంద్వ పన్నుల ఒప్పందం ప్రకారం 10 శాతానికి మించకూడదు. రెండు కంపెనీల మధ్య పనికి కట్టే ధర మాత్రం పరాయివారితో కుదుర్చుకున్న ధరలా ఉండాలి. ఇరు దేశాల పన్నుల వారూ దాన్ని పరిశీలిస్తారు.

ఏ దారిన వెళ్ళినా ఆరు నెలల్లోపు వాటాల రుజువు మీ బ్యాంకుకు ఇవ్వాలి. ఇక్కడ ఒక చిన్న తమాషా జరుగుతుంది. మన బ్యాంకు వారు షేర్ సర్టిఫికెట్ తెమ్మంటారు. జీఎంబీహెచ్‌లకు షేర్ సర్టిఫికెట్లు జారీ చేసే ఆనవాయితీయే లేదు. నోటరీ కోర్టుకు దాఖలు చేసిన వాటాదారుల జాబితాయే అక్కడ రుజువు. దాని ప్రతినీ అనువాదాన్నీ ఇచ్చి, అది ఎందుకు సరిపోతుందో న్యాయవాది చేత ఒక లేఖ రాయించి జతపరచండి. ఆ తరువాత ప్రతి సంవత్సరం డిసెంబరు 31లోగా వార్షిక పనితీరు నివేదిక ఇవ్వడం మరవకండి.

బెంగళూరులోనే ఉండి చేయగలరా అన్నదానికి, పెట్టడం వరకు చేయగలరు. చట్టం ప్రకారం డైరెక్టర్ జర్మనీలో నివసించనవసరం లేదు. కానీ కంపెనీకి జర్మనీలో చిరునామా తప్పనిసరి, ఆ చిరునామాలో ఉత్తరం అందుకునే మనిషి ఉండాలి. అక్కడ తపాలా పెట్టె మీద కంపెనీ పేరు లేకపోతే ఉత్తరాన్ని వెనక్కి పంపేస్తారు. పన్నుల కార్యాలయం వారి ఎల్స్టర్ అనే ఆన్‌లైన్ వ్యవస్థను తెరిచే రహస్య సంకేతం కూడా కాగితం మీదే తపాలాలో వస్తుంది. మా క్లయింటు ఒకరికి ఆ ఉత్తరం రెండుసార్లు తిరిగిపోయింది, కారణం నలభై సెంట్ల స్టిక్కరు. పన్ను నమోదు ప్రశ్నావళిని ఎవరూ అడగకుండానే నెలలోపు ఎల్స్టర్ ద్వారా పంపాలి. పన్ను సంఖ్య రానిదే కర్మాగారం వారికి సరైన బిల్లు ఇవ్వలేరు.

మీలో ఒకరు అక్కడే ఉండి నడపదలిస్తే కంపెనీ యజమాని అయినంత మాత్రాన వీసా రాదు. నివాస చట్టంలోని 21వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు చేసుకోవాలి. వ్యాపారం వల్ల ఆ ప్రాంతానికి మేలు ఉందా, పెట్టుబడి ఖాయమేనా అని వాణిజ్య మండలి వంటి వారి అభిప్రాయం అడుగుతారు. వయసు 45 దాటినవారు వృద్ధాప్యానికి తగిన ఆర్థిక ఏర్పాటును కూడా చూపాలి.

ప్రశ్న: నేను చెన్నై అడయారులో పదిహేనేళ్ళుగా కూచిపూడి నేర్పుతున్నాను. మా వారికి మ్యూనిక్‌లో బ్లూ కార్డు (నిపుణులైన విదేశీ ఉద్యోగులకిచ్చే నివాస అనుమతి) మీద ఉద్యోగం వచ్చింది. నేనూ వెళ్ళి అక్కడి మన పిల్లలకు పాఠాలు చెప్పదలిచాను. దీనికి కంపెనీ పెట్టాలా?
— ఒక నాట్య గురువు, చెన్నై

జవాబు: అక్కరలేదమ్మా. పై జవాబు చదివి భయపడకండి. జర్మన్ ఆదాయపు పన్ను చట్టం కళాకారులను, బోధకులను స్వేచ్ఛావృత్తుల వారిగా వేరే లెక్కిస్తుంది. వారికి నోటరీ లేదు, మూలధనం లేదు, వ్యాపార కార్యాలయంలో నమోదు లేదు, వ్యాపార పన్నూ లేదు. కుటుంబ వీసా మీద వెళ్ళే మీకు సొంత వృత్తి చేసుకునే అనుమతి నివాస కార్డు మీదే రాసి ఉంటుంది. వెళ్ళగానే ఆ వాక్యం ఉందో లేదో చూసుకోండి. పాఠాలు మొదలుపెట్టిన నెలలోపు పన్నుల కార్యాలయానికి ఎల్స్టర్ ప్రశ్నావళి పంపితే చాలు. గత ఏడాది రాబడి 25,000 యూరోలు దాటని చిన్న వృత్తిదారులు 19 శాతం అమ్మకపు పన్ను వేయకుండా ఉండే సదుపాయం ఎంచుకోవచ్చు. గజ్జెలూ దుస్తులూ చెన్నై నుంచి తెప్పించి అమ్మడం మొదలుపెడితే మాత్రం అది వ్యాపారం. అప్పుడు ఆ భాగానికి వ్యాపార నమోదు కావాలి.

చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఉద్యోగులు ఎవరూ లేకుండా సొంతంగా పాఠాలు చెప్పే గురువులు, రాబడి అతి తక్కువైతే తప్ప, ప్రభుత్వ పింఛను బీమాలో చేరి తీరాలి, అదీ మొదలుపెట్టిన మూడు నెలల్లోపు వారే తెలియజేయాలి. అడగలేదు కదా అని ఊరుకుంటే ఏళ్ళ తరువాత పాత బకాయిలన్నీ కలిపి అడుగుతారు. దీనికి ముందు కళాకారుల సామాజిక బీమా నిధికి దరఖాస్తు చేసి చూడండి. ప్రదర్శన కళను నేర్పేవారు కూడా దాని పరిధిలోకి రావచ్చు. అందులో చేరినవారు చందాలో దాదాపు సగమే కడతారు. మీ శిక్షణ పత్రాలు, పాత ప్రదర్శనల కరపత్రాలు, పత్రికల్లో వచ్చిన సమీక్షలు ఇక్కడే జర్మన్‌లోకి అనువదింపజేసుకుని తీసుకువెళ్ళండి. వ్యాయామం కోసం కాక కళగా నేర్పుతున్నారని నిరూపించడానికి అవే ఆధారం.

ప్రశ్న: మా జీఎంబీహెచ్ నమోదు వార్త వెలువడిన నాలుగో రోజు నుంచి అక్కడి చిరునామాకు రిజిస్టరు రుసుము కట్టమంటూ జర్మన్ ప్రభుత్వ చిహ్నాన్ని పోలిన గద్ద బొమ్మలతో, గడువులతో వరుసగా బిల్లులు వస్తున్నాయి. ఏవి కట్టాలి?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: ఏ ఒక్కటీ మీ నోటరీకి స్కాన్ పంపి అడగకుండా కట్టకండి. కోర్టు రిజిస్టరు బహిరంగం కనుక కొత్త కంపెనీల చిరునామాలు తీసుకుని ప్రభుత్వ పత్రాలను పోలిన బిల్లులు పంపి బతికేవారు అక్కడ ఉన్నారు. చిన్న అక్షరాల్లో ఇది ఒక ప్రైవేటు జాబితాలో చేరమనే ప్రతిపాదన అని ఉంటుంది; కడితే మీరు ఒప్పుకున్నట్టే. మ్యూనిక్ కంపెనీ అయితే అసలైన కోర్టు బిల్లు బవేరియా న్యాయశాఖ ఖజానా నుంచి వస్తుంది. అయితే ఎదురు ప్రమాదమూ ఉంది. నకిలీలా కనిపించే నిజమైన ఉత్తరాలు మూడు వస్తాయి: అసలు యజమానుల వివరాలుండే పారదర్శకత రిజిస్టరు వారి చిన్న వార్షిక రుసుము, వాణిజ్య మండలి సభ్యత్వం, ప్రసార సంస్థల చందా. పారదర్శకత రిజిస్టరులో 25 శాతానికి మించి వాటా ఉన్నవారి పేర్లు నమోదు చేయడం 2021 ఆగస్టు నుంచి ప్రతి జీఎంబీహెచ్‌కూ వర్తించే బాధ్యత, అది కోర్టు నమోదుతో దానంతట అది జరగదు. మీ కట్టలో దాని ఉత్తరం ఉంటే చెత్తబుట్టలో వేయకుండా, ముందు ఆ నమోదు జరిగిందో లేదో చూడండి.